తడబడితే ఒక తొడిమ

ఆదెమ్మ అప్పటికి సగం చేట మిరపకాయలకు తొడిమలు తీసేసింది. వినుకొండ పక్కన మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంటమనిషి. ఎనభై ఆరు మార్చి. ఏడాదికి సరిపడా కారం దంచే రోజులు, పదో తరగతి పరీక్షలూ అప్పుడే. వేళ్ళు మంట, కళ్ళు మంట, ఈసారి గుండెల్లో కూడా మంటే. పొద్దున్నుంచి ఎడమ రెక్క లాగుతున్నా, రోకలి పోటు వల్లేలే అని సరిపెట్టుకుంది.

ఆదెమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఇరవై రెండేళ్ళుగా పిల్లలు పాఠాలు అప్పజెప్పేది ఆమెకే. పంతులమ్మలకు తీరికుండదు, ఆదెమ్మేమో పీట మీంచి కదలదు. విని విని సోషలు పుస్తకం మొత్తం ఆమెకు నోటికొచ్చేసింది. పిల్ల తడబడ్డ ప్రతిసారీ ఒక తొడిమ పీట ముందు పెట్టేది. పెట్టి ఊరుకుంటే బాగుండేది. మనసాగక, ఆగిపోయిన మాట తనే అందించేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

నిరుడు రెబ్కా అనే పిల్ల పరీక్ష హాల్లో మొదటి మాట తోచక తలుపు వంక చూస్తూ కూర్చుంది. తప్పింది. పెట్టె సర్దుకుంటూ, "అక్కడ అందియ్యడానికి నువ్వు లేవుగా పెద్దమ్మా" అని వెళ్ళిపోయింది. ఇప్పుడు మిరప కోతలకు పోతోంది. ఆ మాట ఆదెమ్మ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అన్నం పెట్టిన చేత్తోనే పిల్ల నోరు కట్టేశానే అని కుమిలిపోయింది.

ఈ ఏడు జయకుమారి వంతు. రేపే సోషలు పరీక్ష. కూలోళ్ళ పిల్ల, చురుకైందే. కానీ ఆగినప్పుడల్లా ఆదెమ్మ పెదాల వంక చూస్తుంది. తప్పితే కోతలకే అని తండ్రి ముందే చెప్పేశాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ పిల్ల వచ్చి పీట ముందు కూర్చుంది.

"ఇవ్వాళ నేనేం అందియ్యను. గుర్తు రాకపోతే నువ్వే ఎతుక్కో" అంది ఆదెమ్మ.

"రేపే పరీక్ష పెద్దమ్మా! ఒక్క ముక్కన్నా చెప్పవా?"

"రేపే గనకే చెప్పను. నా మొహం చూడమాక. అటు తిరిగి చెప్పు."

జయకుమారి గోడ వైపు తిరిగి మొదలుపెట్టింది. ఒండ్రు నేలల దగ్గర ఒక తొడిమ. ఎర్ర నేలల దగ్గర ఒకటి. నల్లరేగడి పత్తికి ఎందుకు అనుకూలం? అక్కడ పూర్తిగా ఆగిపోయింది.

తేమ. ఆ మాట ఆదెమ్మ నాలుక చివరే ఉంది. పెదవి పంటి కింద నొక్కిపట్టింది. ఇక్కడే ఆగిపోతే? రేపు ఇదే అడిగితే? రెక్క నొప్పి మెడకెక్కింది. గోడకు చేరబడి ఇంకో తొడిమ తుంచింది. ప్రభువా, ఈ ఒక్కటీ దాన్నే చెప్పనియ్యి.

జయకుమారి ఎదురుచూసి, పెద్దమ్మ ఇక అందియ్యదని తెలుసుకుంది. అప్పుడు నాన్నతో కలిసి దిగిన చేను గుర్తొచ్చింది.

"పైన నెర్రెలిచ్చినా లోపల చెయ్యి పెడితే చల్లగా తడుంటది... ఆ తడిని పోనియ్యదు. ఆఁ, తేమను నిలుపుకొనే గుణం! అందుకే పత్తి!"

ఆ తర్వాత పాఠం చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

"ఎన్ని పెద్దమ్మా?" అంటూ ఇటు తిరిగింది.

ఆదెమ్మ గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. గుప్పిట్లో కింద పెట్టని తొడిమ. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. "వినే పోయింది" అని మాత్రం జయకుమారి అందరితోనూ ఏడుస్తూ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల పరీక్షకు వెళ్ళేముందు వంటింటి వసారాలో గోడ వైపు తిరిగి కూర్చుని పాఠమంతా ఒకసారి చెప్పుకుంది. తర్వాత పరీక్ష రాసే అట్ట, పెన్నూ తీసుకుని వెళ్ళింది.

ఖాళీ పీట ముందు, ఆ పొద్దున తడబడ్డ రెండు చోట్లా ఎవరూ పెట్టమనకుండా తనే పెట్టుకున్న రెండు కొత్త తొడిమలు ఉన్నాయి.