ఇద్దరికే పట్టే బ్యాగు

మా పెళ్ళయి ఇరవై మూడు రోజులు. ఇన్ని రోజుల్లో నేనూ మా ఆయన శ్రీనివాసరాజూ ఇద్దరమే కలిసి గడప దాటింది లేదు. సినిమాకెళ్తే ఎనిమిది టిక్కెట్లు, ఐస్‌క్రీముకెళ్తే పదకొండు కప్పులు! అందుకే, ఆదివారం మారేడుమిల్లి కొండల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచొద్దామని ఆయన నా చెవిలో చెప్పేసరికి నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు. వానాకాలం కాబట్టి తడవని, తేలికైన బ్యాగొకటి కొనాలన్నారు. ఆ ముక్క వాళ్ళమ్మ ముందు కూడా అన్నారు. అదీ ఆయన చేసిన ఘనకార్యం.

"కొండలకా? మేమూ వస్తాం. పెద్ద బ్యాగు తీసుకుందాం. పులిహోర, గారెలు, కోడి వేపుడు అన్నీ పట్టాలి" అన్నారు మా అత్తయ్యగారు సుభద్రమ్మ. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అలా బ్యాగు కొనడానికని నలుగురం భీమవరం నుంచి అంబాసిడర్‌లో బయల్దేరి, రాజమండ్రిలో ఏసుపాదం గారి బ్యాగుల షాపులో దిగాం. అత్తయ్యగారు పరుపుచుట్టంత బ్యాగు పట్టుకున్నారు. నేను చిన్న నీలం బ్యాగు పట్టుకున్నాను. భుజాన ఉందో లేదో తెలియనంత తేలిక. ఇద్దరి భోజనం, నీళ్ళ సీసా, రెండు తువ్వాళ్ళు పడతాయి, అంతే. మా ఆయన పక్కన నిలబడి ముసిముసిగా నవ్వుతున్నారు. కాస్త మాట సాయం చెయ్యొచ్చుగా, మహానుభావుడు!

"తడవదంటే ఎలా నమ్మడమయ్యా? బిందెడు నీళ్ళు పట్రా" అన్నారు మావయ్యగారు హనుమంతరాజు. ఆయనవి రొయ్యల చెరువులు. రొయ్యపిల్లల్ని నీళ్ళు నింపిన ప్లాస్టిక్ కవర్లలో తెచ్చుకుంటారు. ఏ సంచినైనా నీళ్ళు పోసి వేలాడదీసి చూడటమే ఆయనకు తెలిసిన పరీక్ష.

"రాజుగారూ, వాన బయట కురుస్తుందండీ, బ్యాగులో కాదండీ!" అని ఏసుపాదం గారు మొత్తుకున్నారు.

"నీళ్ళకి లోపలేంటి, బయటేంటి? పొయ్యవయ్యా!"

పోశారు. పెద్ద బ్యాగు కుట్లలోంచి జలజలా కారి మావయ్యగారి పంచె మోకాళ్ళదాకా తడిసింది. చిన్నది మాత్రం పొట్ట ఉబ్బించుకుని కొక్కేనికి వేలాడింది. ఒక్క చుక్క రాలితే ఒట్టు! నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

"ఇదే ఖాయం" అన్నారు మావయ్యగారు.

అత్తయ్యగారు దాన్ని ఎగాదిగా చూశారు. "ఇందులో ఇద్దరి భోజనమే పడుతుందండీ" అంటూ నావైపు చూశారు, కొడుకువైపు చూశారు. ఆవిడకి అర్థమైపోయింది. నా చెవులు వేడెక్కాయి. వేరే షాపుకి పదండి అంటారేమోనని హడలిపోయాను.

"బాబూ, ఇలాంటిదే ఇంకోటుందా?" అన్నారావిడ.

"ఉందండీ, ఆకుపచ్చది."

"రెండోదెందుకు?" అన్నారు మావయ్యగారు.

"మనకండీ. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో మనిద్దరమే ఎక్కడికైనా వెళ్ళామా? పిల్లలు కొండలకి వెళ్తారు. మనం ఉప్పాడ వెళ్ళి సముద్రం ఒడ్డున నడుద్దాం."

మావయ్యగారు మీసం సవరించుకుంటూ, కొత్త పెళ్ళికొడుకులా తల దించుకున్నారు. "ఆయ్, అలాగే" అన్నారు.

అత్తయ్యగారు ఆకుపచ్చ బ్యాగు భుజానికి తగిలించుకుని, ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "ఇంట్లో ఎవరికీ చెప్పకండి. వెంటపడతారు."