గోడకెక్కిన అంచు

"సాయంత్రం మా ఆఫీసువాళ్ళు వస్తున్నారు, గోడ తళతళలాడాలి" అని చెప్పి ఆయన స్నానానికి వెళ్ళాడు. ఆమె స్టూలెక్కింది. ఆ గోడంటే ఆయనకు ప్రాణం. తాతగారి చేతికర్ర, ఇత్తడి దీపాల వరుస, కొట్లో కొన్న తోలుబొమ్మ, నడుమ అద్దాల పటంలో ఎర్రటి పట్టు అంచు. చూసినవాళ్ళంతా నోరెళ్ళబెట్టేవారు. దుమ్ము మాత్రం ఎవరికీ కనిపించేది కాదు, అది ఈవిడ వంతు కదా!

ఆ అంచు ఆమె తల్లి పెళ్ళిచీరది. తల్లి పోయాక తన వాటాకొచ్చింది ఆ చీర ఒక్కటే. ఒంట్లో బాగోనప్పుడు దాన్ని కప్పుకుని పడుకునేది, నిద్ర ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. ఒకరోజు ఉద్యోగం నుంచి వచ్చేసరికి అంచు గోడెక్కి కూర్చుంది. "బీరువాలో మగ్గిపోయేదాన్ని పదిమందికీ చూపిస్తున్నా, సంతోషించక ఆ మొహమేంటి?" అన్నాడాయన. మిగతా చీరేదండీ అంటే "భద్రంగానే ఉందిలే" అన్నాడు. పైగా వచ్చినవాళ్ళతో "మా నాయనమ్మగారిది" అని గొప్పలు పోతుంటే, నలుగురిలో మొగుణ్ణి చిన్నబుచ్చడమెందుకని, కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి గుటకలు మింగింది. మింగీ మింగీ అలవాటైపోయింది.

"ఆ పాత చొక్కాతో అద్దం మీద గీతలు పడతాయే, ఇదిగో, ఇది మెత్తగా ఉంటుంది" అంటూ అత్తగారు కింద నుంచి ఒక గుడ్డ అందించింది. మెత్తగానే ఉంది. వెలిసిపోయి ఏ రంగో తెలియడం లేదు. పటం తుడుస్తుంటే ఆ గుడ్డలో వేలికి గరుగ్గా ఏదో తగిలింది. రఫ్ఫు కుట్టు. ఇస్త్రీపెట్టెకు కాలిన చోట, కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతుంటే ఎగదోసుకుంటూ తల్లి కుట్టుకున్న కుట్టు. పక్కన కూచుని సూదిలోకి దారం ఎక్కించింది తనే.

"ఇదెక్కడిది అత్తయ్యా?"

"పటానికి పోగా మిగిలిన చీరేనే. వాడే తెచ్చిచ్చాడు, తుడుచుకోడానికి పనికొస్తుందని."

"ఇంకా ముక్కలున్నాయా?"

"బోలెడు! వంటింటి గూట్లో చింపి పెట్టాను."

ఆమె ఏడవలేదు. పటం దించింది. వెనక మేకులు పీకి అంచు బయటికి తీసింది. గూట్లో ముక్కలన్నీ తెచ్చి ఒళ్ళో పోసుకుని, సూదీ దారం ముందేసుకుని హాలు మధ్యలోనే కూచుంది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయాడు. "ఏంటిది? గోడ బోడిగా ఉంది! వచ్చినవాళ్ళు అడిగితే నన్నేం చెప్పమంటావ్?"

"మీ నాయనమ్మగారిది దొరికినప్పుడు పెడతానని చెప్పండి" అంది ఆమె, తలెత్తకుండా దారం ముడేస్తూ. "ఇది మా అమ్మది. నేను కప్పుకోవాలి."