స్టార్టింగ్ చాయ్

బాగుచేసిన ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మా ఆయనకు చాయ్ కావాలి. తాగడానికి కాదు, తాగిన పాపాన ఎన్నడూ పోలేదు. నేను గ్లాసు పట్టుకుని వచ్చి బండి ముందు నిలబడాలి, అంతే! పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, తలకు నూనె పెట్టుకుని ఉన్నా సరే, "స్వరూపా, చాయ్!" అని వాకిట్లోంచి ఒకటే కేక. నేను వచ్చేదాకా తాళం తిప్పనివ్వడు. చల్లారిన ఆ చాయ్‌ను చివరికి నేనే గోడ పక్కన పారబోస్తాను. "పెండ్లాం చాయ్ తేకపోతే ఇంజన్ లేవదా నీకు?" అని ఎన్నిసార్లు కడిగేశానో. నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పేరు బిక్షమయ్య. పాత డీజిల్ లారీలు కొంటాడు, విప్పుతాడు, ఆ సామానుతో వేరే లారీల ఇంజన్లు బాగుచేస్తాడు. అదంతా ఎల్బీ నగర్‌లో, సాగర్ రోడ్డు పక్కన ఉన్న మా ఇంట్లోనే. బట్టలారేసే తీగ కింద గేర్‌బాక్సులు, స్నానాల గది పక్కన రేడియేటర్లు. దిల్‌సుఖ్‌నగర్ పోయి ముచ్చటపడి చీర తెచ్చుకుంటే సాయంత్రానికి దానికీ డీజిల్ వాసనే.

పైగా రోడ్డు మోత. ఏది చెప్పినా "ఆఁ?" అంటాడు. "గీ రోడ్డు మోతల ఏమినపడ్తది?" అంటాడు. నిజమే కదా అని నేనూ అరిచి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. మా ఇంటికొచ్చిన చుట్టాలు మేము పొద్దస్తమానం కొట్లాడుకుంటామనుకుంటారు.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెకు ముందు నెల నేను నల్లగొండ దగ్గర మా అమ్మగారింటికి పోయినప్పుడు ఒక ఇంజన్ కట్టి పంపాడు. చౌటుప్పల్ చేరకముందే అది లోపల తిరిగే ఇరుసు, అదే క్రాంకు, విరిగి రోడ్డు మీదే కూలబడింది. బిక్షమయ్యకు చెయ్యి తప్పిందన్న మాట లారీల అడ్డాలో పాకిపోయింది. ఇంకొక్క బండి అట్లా తిరిగొస్తే మా గేటు వైపు ఏ డ్రైవరూ చూడడు. ఆయనకు వేరే పని రాదు. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. తిన్నా కూర్చున్నా అదే గుబులు.

అటువంటప్పుడు ఆ సమ్మెలో విశ్వేశ్వరరావు వచ్చి పడ్డాడు. రాజమండ్రి మనిషి, సొంత లారీ, దాని నిండా ఉల్లిగడ్డలు. ఇంజన్ పట్టేసింది. స్పేర్ పార్టుల దుకాణాలన్నీ బంద్. మా ఆయన మా పాత లారీలోంచి క్రాంకు తీసి ఆయన బండికి వేశాడు. ఈలోగా ఉల్లిగడ్డలు కుళ్లడం మొదలై వీధంతా ముక్కు మూసుకుంది. క్రాంకు వేయడం పూర్తయిన రోజు సాయంత్రం కొద్దిసేపు లారీలను వదులుతారట, మళ్లీ మరునాటి నుంచి రోడ్లన్నీ మూసేస్తారట.

ఆ రోజే ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి ఆడవాళ్లమంతా వండుతున్నాం. నేను పులిహోర కలుపుతుంటే విశ్వేశ్వరరావు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీరు తొందరగా రావాలండీ. మీ ఆయన బండి స్టార్ట్ చేయనివ్వనంటున్నారు. మీ చేతి టీ కావాలంటండీ!"

అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. "ఓ స్వరూపా, లోకమంత కొట్లాటల ఉంటే నీ మొగనికి చాయ్ ఫికరైందా!" అంది మా పక్కింటి వాణి. విశ్వేశ్వరరావును మాత్రం ఊరికే వదులుతారా? "జై తెలంగాణ అను అన్నా, స్వరూపను తోల్తం" అన్నారు.

"జై తెలంగాణ అండీ!" అన్నాడు పాపం.

నా ఇజ్జత్ పోయింది. ఒళ్లు మండింది. పసుపు చేతులతోనే ఇంటికొచ్చి, చాయ్ కాచి, గ్లాసు తీసుకుని బండి ముందు నిలబడ్డాను. "నడువు, లేపు నీ ఇంజన్!"

విశ్వేశ్వరరావు తాళం తిప్పాడు. ఇంజన్ గర్జించి లేచింది. ఆ గర్జన కింద సన్నగా ఇంకో చప్పుడు, టక్కు టక్కుమని. నాకు తెలియకుండానే మొహం ముడుచుకుంది. వెంటనే మా ఆయన చెయ్యెత్తాడు.

"బంద్ చెయ్! లోపల చప్పుడున్నది."

"బ్రహ్మాండంగా ఉంటేనూ!" అని ఇంజన్ ఆపి, నెత్తి కొట్టుకుని, విశ్వేశ్వరరావు ఉల్లిగడ్డల మీది టార్పాలిన్ సర్దడానికి పైకెక్కాడు.

మా ఆయన నాకు వీపు పెట్టి చేతులు తుడుచుకుంటున్నాడు. "ఏమయ్యా" అన్నాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. తిరగలేదు. భుజం తట్టాను.

"ఆఁ? గీ రోడ్డు మోతల ఏమినపడ్తది?" అన్నాడు.

నేను రోడ్డు వైపు చూశాను. బస్సు లేదు, ఆటో లేదు. సైకిల్ కూడా లేదు. కరెంటు తీగ మీద కాకి రెక్కలు విదిలిస్తే వినబడుతోంది.

తప్పు రోడ్డుది కాదు, ఈయన చెవులది. ఇందాక ఇంజన్ నడుస్తుంటే ఈయన చూపు ఇంజన్ మీద లేదు, నా మొహం మీద ఉంది. ఇన్నేళ్లూ అంతే! చాయ్ ఒక వంక. చౌటుప్పల్ బండి స్టార్ట్ చేసిన రోజు నేను ఇంట్లో లేను. "నాకు చెప్పకూడదా, దిక్కుమాలిన రహస్యం!" అని అరవాలనిపించింది. లారీ పైన ఆ డ్రైవరున్నాడు. అతని చెవిన పడితే రాత్రికల్లా అడ్డా అంతా తెలుస్తుంది.

గ్లాసు పట్టుకుని మళ్లీ నిలబడ్డాను. "ఇంకోపాలి లేపుమను" అన్నాను, నా పెదవులు ఆయనకు కనబడేటట్టు.

విశ్వేశ్వరరావు దిగొచ్చి తాళం తిప్పాడు. మా ఆయన ఒక్కో సిలిండర్‌కు పోయే డీజిల్ పైపు వదులు చేస్తూ వచ్చాడు. ఏది ఆపితే చప్పుడు పోతుందో తప్పు అక్కడున్నట్టు. మొదటిది వదులు చేసి నన్ను చూశాడు. చప్పుడుంది, నేను మొహం ముడిచే ఉంచాను. రెండోదానికీ అంతే. ఇప్పుడు నేను పొరపాటున నవ్వితే చాలు, ఈ బండి పోతుంది, ఎక్కడో విరుగుతుంది, మా బతుకూ దానితోపాటే. మూడోది వదిలాడు. టక్కు ఆగిపోయింది. నేను ముడిచిన మొహం విప్పి గడ్డం ఎత్తాను.

"మూడో దాంట్లనే" అన్నాడు ఆయన.

బండి కింద దూరి, ఆయిల్ చాంబర్ విప్పి, మూడో సిలిండర్ కింద అరిగిన బేరింగు మార్చాడు. కొత్తగా వేసిందీ మా పాత లారీదే. పొద్దు వాలింది. నేను ఇంట్లోకి బయటికి తిరుగుతూనే ఉన్నాను. చాయ్ మళ్లీ కాచాను. "చాయ్!" అని కేక పెట్టకముందే వచ్చి నిలబడితే వింతగా చూశాడు.

ఇంజన్ మళ్లీ లేచింది. శ్రద్ధగా విన్నాను. టక్కు లేదు. మెత్తగా, సాఫీగా నడుస్తోంది. ఆయన మాత్రం పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డ పిల్లవాడిలా నా వైపు చూస్తున్నాడు. ఇంత మంచి చప్పుడు ఈ మనిషికి వినబడటం లేదు కదా అనుకున్నాను. ఆపుకోలేకపోయాను, ఏడుపొచ్చి మొహమంతా ముడుచుకుపోయింది.

"బంద్ చెయ్! బంద్ చెయ్!" అని ఆయన ఒకటే అరుపు.

ఇంజన్ ఆగిపోయింది. విశ్వేశ్వరరావు క్యాబిన్‌లోంచి తల బయటికి పెట్టి, "మళ్లీ ఏమైందండీ బాబూ!" అన్నాడు.

మా ఆయన స్పానర్ తీసుకుని మళ్లీ బండి కింద దూరబోయాడు. నేను దగ్గరికి వెళ్లాను. ఆ డ్రైవర్‌కు నా వీపు, ఈయనకు నా మొహం కనబడేటట్టు నిలబడి, గొంతు లేకుండా పెదవులతోనే అన్నాను.

"ఇంజన్ మంచిగున్నది. గిది వేరే ఏడుపు."

నాకు తెలిసిపోయిందని తెలిసి ఆయన తల దించుకున్నాడు. తల దించుకుంటే నా మాట ఎట్లా తెలుస్తుంది? గడ్డం పట్టుకుని పైకెత్తాను. కొంగుతో మొహం తుడుచుకుని నవ్వాను.

"పోనియ్ బండి" అన్నాడు ఆయన.

విశ్వేశ్వరరావు దండం పెట్టాడు. "ఏం చెవులండీ మీవి! మాకెవ్వరికీ వినబడని చప్పుడు పట్టేశారు" అని లారీ కదిలించాడు. ఉల్లిగడ్డల వాసన వీధి మలుపు దాకా వెళ్లి పోయింది.

"సమ్మె అయిపోంగనే చెవుల దవాఖానకు పోదాం" అన్నాను ఆయన ఎదురుగా నిలబడి. "ఆఁ?" అనలేదు. రోడ్డు మీద నెపం పెట్టలేదు. నా చేతిలోని గ్లాసు తీసుకుని, చల్లారిన చాయ్ చుక్క మిగలకుండా తాగాడు.