నవనీతకూ డాక్టర్లకూ మధ్య

నేను ఒక ఆకుపచ్చ తెరను. సిరిసిల్ల మరమగ్గం మీద పుట్టాను. టోకున కొన్న ఒక కాంట్రాక్టరు నన్ను జిల్లా ఆసుపత్రికి అప్పగిస్తే, అక్కడి దర్జీ అంచు కుట్టి ఇనుప రింగులు తొడిగాడు. ఆనాటి నుంచి ఆడవాళ్ల ఓపీలో, డాక్టరు బల్లకూ పరీక్ష చేసే మంచానికీ మధ్య వేలాడాను. ఒంటిని దాచడం నా పని. మాటను దాచడం నాకు చేతకాదు. మనుషులు మాత్రం నన్ను అడ్డంగా లాగేస్తే చాలు, అవతలివాళ్లకు ఏమీ వినపడదనుకుంటారు.

వేల మంది ఆ మంచం ఎక్కి దిగారు. నేను మరిచిపోలేనిది నవనీతను.

ఇరవై ఆరేళ్ల మనిషి. భర్త శ్రీశైలంతో కలిసి ఇటుక బట్టీల్లో పనిచేసేది. మూడేళ్ల కూతురుంది, పెద్దాపరేషన్‌తో పుట్టింది. రెండో కాన్పుకు ఏడో నెల వస్తే గానీ స్కానింగుకు రావడం కుదరలేదు. తీరా తీస్తే, బిడ్డకు పుర్రె ఏర్పడలేదని తేలింది. గుండె మాత్రం కొట్టుకుంటోంది.

ఆమె ఇంకా మంచం మీద ఉండగానే డాక్టర్లిద్దరూ నాకు ఇవతల వాదనకు దిగారు. పుట్టినా గంటల్లో పోయే బిడ్డను ఇంకో రెండు నెలలు మోయించడం అన్యాయమంది చిన్న డాక్టరమ్మ నీరజ. ఇరవై నాలుగు వారాలు దాటింది కాబట్టి, గర్భం తీసేయడానికి అనుమతి కోసం మెడికల్ బోర్డుకు రాద్దామంది. పెద్ద డాక్టరమ్మ వసుంధర ఒప్పుకోలేదు. పాత కోత ఉన్న గర్భసంచికి ఇప్పుడు నొప్పులు తెప్పిస్తే చిరిగిపోవచ్చు, దక్కని బిడ్డ కోసం ఉన్న తల్లిని పోగొట్టుకుంటామా అంది. అలా ఒకామె తన చేతుల్లోనే పోయిందని గొంతు తగ్గించి చెప్పింది. ఇద్దరూ నవనీత మేలు కోరే మాట్లాడుతున్నారు. ఇద్దరూ ఆమెను ‘ఈ కేసు’ అంటున్నారు.

చెమట పట్టిన పిడికిలితో నవనీత నా అంచు పట్టుకుంది. కాసేపటికి తనే నన్ను పక్కకు జరిపింది.

“బతకదని మీరే అంటుండ్రు మేడం. మల్ల దినాం కడుపుల తంతుంటే నేనేమనుకోవాలె?”

భర్తను పిలవమని వసుంధర ఆయా బాలమణికి చెప్పింది. శ్రీశైలం వచ్చి, చేతులు కట్టుకుని, మీరెట్లంటే అట్లనే అన్నాడు. నవనీత మొహం గోడవైపు తిప్పుకుంది.

నీరజ పట్టుబట్టి బోర్డుకు రాసింది. ఒక సభ్యుడు సెలవులో ఉన్నాడు, మరొకరు స్కానింగు మళ్లీ తీయమన్నారు. పదహారు రోజులు గడిచాయి. చివరికి ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు. ఆ తర్వాత మూడు వారాలకు నొప్పులు వాటంతటవే వచ్చాయి. మళ్లీ కోసి తీశారు. ఆడపిల్ల. నలభై నిమిషాలు ఊపిరి తీసుకుంది. ఆ నలభై నిమిషాలూ నవనీత బిడ్డ తలకు తువాలు చుట్టి, పక్కలో పెట్టుకుని పేరు వెతుకుతూనే ఉందని బాలమణి ఎవరికో చెబుతుంటే విన్నాను.

కుట్లు చూపించుకోవడానికి నవనీత మళ్లీ వచ్చింది. వసుంధరే చూసింది. చూడటం అయ్యాక బల్ల దగ్గరకు పోకుండా, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నన్ను పూర్తిగా మూసింది.

“ఆ రోజు నిన్నెవరం అడగలేదమ్మా. అసలు నువ్వేం కావాలనుకున్నావు?”

నవనీత లేచి చీర కుచ్చిళ్లు దోపుకుంది.

“గప్పుడు అడిగితే చెప్తుంటి మేడం. ఇప్పుడు నాకే తెల్వది.”

వసుంధర చీటీ మీద ఏదో రాయబోయి, పెన్ను మూసేసింది.

మరుసటి ఏడు చక్రాల మీద నడిచే కొత్త తెరలు వచ్చాయి. బాలమణి నన్ను నాలుగు ముక్కలు చేసి నేల తుడిచే గుడ్డలుగా మార్చింది. ఆ గదిలో మాటలు ఇప్పుడు నాకు వినపడవు. వరండాలో బకెట్టు అంచున ఆరుతూ, ఓపీ నుంచి బయటికొచ్చే ఆడవాళ్ల పాదాలు చూస్తుంటాను. కొందరు గుమ్మం దాటాక కాస్త ఆగుతారు, లోపల చెప్పాల్సింది ఇంకేదో మిగిలినట్టు. వెనకాల వాళ్లు తోసుకొస్తారు. కదిలి వెళ్లిపోతారు.