తుపాకీ పేలేలోగా

కొమూగికి పరుగంటే భయం లేదు. కొండలంటే లేదు, మంచంటే లేదు, ఆఖరికి పక్క జట్టు అడవిపందన్నా లేదు. ఆమె భయమంతా పందెం నడిపే కొంగ గారి రెక్క కింద ఉన్న ఆ చిన్న తుపాకీ మీదే.

కొమూగి తనూకి. తనూకుల సంగతి అందరికీ తెలిసిందే. కళ్ల చుట్టూ కాటుక పూసినట్టు నల్లమచ్చలు, నక్కలాంటి మూతి, గుండ్రటి పొట్ట. దగ్గర్లో ఏదైనా ఢామ్మంటే చాలు, కాళ్లు చాపుకుని స్పృహ తప్పి పడిపోతారు. కొమూగి తల్లీ అలాగే పడేది, అమ్మమ్మా అలాగే పడేది.

ఆ రోజు కొండ చుట్టూ ఐదంచెల పరుగు. జట్టుకో పట్టీ. దాన్ని జంధ్యంలా భుజం మీంచి అడ్డంగా వేసుకుని పరిగెత్తి, అంచె చివర కాచుకున్నవాళ్లకి అందించాలి. ప్రతి అంచె చివరా, మొదటి జట్టు దాటిన పది నిమిషాల్లో పట్టీ రాకపోతే తుపాకీ పేలుస్తారు. ఇక్కడ ఆ పని కొంగ గారిది. ఇక ఎదురుచూడ్డానికి లేదు, ఏ ఊరిదీ కాని తెల్ల పట్టీ వేసుకుని కదలాల్సిందే. కొమూగి వాళ్ల ఊరి నీలం పట్టీ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ దారిలో ఆగలేదు. తోమె అనే తాబేలు అవ్వ ఏటా దాన్ని నీలిమందులో ముంచి ఆరేస్తుంది. "నేను పరిగెత్తలేను కదే. నా పరుగంతా ఇందులోనే ఉంది," అంటుంది.

ఆఖరి అంచె కొమూగిది. ఆ పట్టీని ఇప్పుడు నాలుగో అంచెలో తెస్తున్నవాడు తెప్పేయ్, ఆమె మొగుడు, అతనూ తనూకే. పెళ్లయి నలభై రోజులైంది. పొద్దున కాల్చిన చిలగడదుంపను విరిచి పెద్ద ముక్క ఆమెకే ఇచ్చాడు. అతను తల వంచుకుని బూటు తాళ్లు కట్టుకుంటుండగా ఆమె ముక్కలు మార్చేసింది. ఆ వేడి ఇంకా అరచేతుల్లోనే ఉన్నట్టుంది. ఒళ్లు మాత్రం చల్లబడిపోయింది.

ఇందాక లోయలోంచి కిందటి అంచె తుపాకీ చప్పుడు సన్నగా వినబడింది. అప్పటికి తెప్పేయ్ పట్టీ అందుకుని బయలుదేరాడా? లేక అక్కడే పడి ఉన్నాడా?

"ఇంకెంతసేపు బాబాయ్?" అని పక్కనున్న ముసలి కుందేలు గెన్‌రోకుని అడిగింది. అతని జట్టూ వెనకబడే ఉంది.

"మూడు నిమిషాలు. ఇదుగో మైనం, చెవుల్లో పెట్టుకో పిల్లా. నువ్వు పడ్డావంటే నీ మీంచి దూకాల్సింది నేనే. నా మోకాళ్లు అసలే బాగాలేవు."

పెట్టుకుంది. లోకం మూగబోయింది. గుండె ఒక్కటే దడదడలాడుతోంది. చుట్టూ పది అడుగుల అవతల ఏమీ కనబడనంత మంచు. అప్పుడు తట్టింది ఆమెకి. వచ్చే జట్టు నంబరు మైకులో పిలుస్తారు. అది విని గీత మీదికి వెళ్లాలి. వినబడకపోతే తెప్పేయ్ వచ్చి ఎవరికిస్తాడు?

ఒక చెవిలో మైనం తీసింది. తుపాకీ వైపు చూసింది. రెండో చెవిలోదీ తీసేసింది.

"బుద్ధుందా?" అన్నాడు గెన్‌రోకు.

"లేదు బాబాయ్. భయమొక్కటే ఉంది."

"ఒక్క నిమిషం," అన్నారు కొంగ గారు, ఒంటికాలి మీద నిలబడి గడియారం చూస్తూ. తర్వాత తుపాకీ పైకెత్తారు. ఇంకా పేలనేలేదు, కొమూగి కళ్ల ముందు అప్పుడే చుక్కలు.

"ఇరవై మూడు," అంది మైకు.

తమ నంబరే. పడుతూ లేస్తూ గీత మీదికి వెళ్లింది. మంచులో అడుగుల చప్పుడు, కుంటుతున్నట్టు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. ముందు నీలం కనబడింది, ఆ తర్వాతే అతను. వీపంతా బురద, ఎండుటాకులు. చెమటకి పట్టీ రంగు దిగి గుండెల మీద నీలి చార.

"పడ్డావా?"

"పడ్డా. లేచా. నువ్వు వెళ్లు."

పట్టీ తడిగా, వెచ్చగా ఉంది. మెడలో వేసుకుని పది అడుగులు పరిగెత్తిందో లేదో వెనక ఢామ్మంది.

కొండా మంచూ ఒక్కసారిగా ఆరిపోయాయి.

ఆమె ఎండుటాకుల్లో బోర్లా పడింది. గీతకి ఆవల తెప్పేయ్ వెల్లకిలా పడ్డాడు. తెల్ల పట్టీ వేసుకున్న గెన్‌రోకు ఆమె మీంచి దూకుతూ, "చెప్పానా, నా మోకాళ్లు," అని గొణిగాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "లేవే పిల్లా. మా పట్టీ ఇంకా దారిలోనే ఉంది. నీది నీ మెడలోనే ఉంది."

ముందు వాసన తెలిసింది ఆమెకి. నీలిమందు, చెమట, కాస్త చిలగడదుంప. తర్వాత కాళ్లు తెలిశాయి. లేచింది. వణుకుతూనే పరిగెత్తి గెన్‌రోకుని అందుకుంది.

"బాబాయ్, చివర్లో కూడా తుపాకీ ఉంటుందా?"

"తుపాకీ ఎందుకు? పెద్ద డోలు కొడతారు."

ఆమె తోక నిక్కబొడుచుకుంది. "గీత దాటకముందా, దాటాకా?"

"దాటాక."

"దాటాకైతే పడినా ఫరవాలేదు," అంది పళ్లు టకటకలాడుతుండగా, అతన్ని దాటిపోతూ.