పాటలో అత్తగారేరీ?

మారల్ కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఇంట్లో అందరికీ కొత్త పేర్లు పెట్టేసింది. పెట్టకపోతే తప్పు. తరాజ్ ఊరి చివర ఆ పాత పేటలో కోడలైన పిల్ల అత్తింటివాళ్ల పేర్లు నోట పలకకూడదు. పలికిందా, మాట పుట్టింటివాళ్ల పెంపకం దాకా పోతుంది. అందుకని ప్రతి కోడలూ తనకు తోచిన ముద్దుపేర్లు పెట్టుకుని వాటితోనే పిలుస్తుంది. పక్కింట్లో ఉండే చిన్నమామగారు రోజూ టీకి వచ్చి, నీళ్లు మరిగే సమోవర్ పాత్ర చల్లారేదాకా కదలరు, కాబట్టి ఆయన సమోవర్ మామయ్య. బజార్లో బట్టల కొట్టు నడిపే ఆడపడుచు ప్రతి శనివారం వచ్చి, టీవీ మీదా అద్దం మీదా వేలు రాసి దుమ్ము చూస్తుంది. ఆవిడ తెల్లవేలు వదిన. "సుకుమారమైన వేళ్లు కదా, అందుకని," అంది మారల్ ఎంతో వినయంగా. ఆ మాటకి ఆడపడుచు చాలాసేపు తన చేతులే చూసుకుని మురిసిపోయింది.

అత్తగారికి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. అత్తయ్య అంటే అత్తయ్యే. ఆవిడ అసలు పేరు నేనూ ఇప్పుడే చెప్పను. ఇంట్లో ఎవరూ అనని పేరు నేను ముందుపడి అనడం మర్యాద కాదు.

మారల్‌కి చిన్నప్పటినుంచీ నోరు ఆగదు. వాళ్ల నాన్న మినీ బస్సు నడిపేవాడు. బడి లేనప్పుడు ఆయన పక్క సీట్లో కూర్చుని, రాబోయే స్టాపుల పేర్లన్నీ ప్రాస కలిపి ఊపిరి తీయకుండా అరిచేది. దిగాల్సినవాళ్లు దిగడం మర్చిపోయి వినేవారు. పిల్లకి సంగీతం అబ్బుతుందేమోనని వాళ్లమ్మ రెండు తీగల దోంబ్రా మీటుతూ పాడటం నేర్చుకోమని పంపితే, "ఇది పాడటం కాదమ్మా, ఎవరితోనో తగువాడుతోంది," అని మాస్టారు వెనక్కి పంపేశారు. నర్సు చదువుకి హాస్టల్లో చేరాకగానీ ఆ తగువుకి ర్యాప్ అని పేరుందని, దానికి చప్పట్లు కూడా కొడతారని తెలియలేదు. హాస్టల్లో పెట్టే ఉడకని బంగాళాదుంపల మీద పాట కట్టి, ఆ వండినామె చేతే అట్లకాడతో తాళం వేయించింది. ఆ రోజుల్లో తనేదో అయిపోతాననుకుంది.

అయింది, పెళ్లయింది. సాకెన్ మంచివాడే. కాకపోతే రైల్వే ఉద్యోగం, వారంలో సగం పట్టాల మీదే ఉంటాడు. మారల్ వాటాకి సమోవర్ మిగిలింది. టీ గిన్నెలో అడుగున కాస్తే పోయాలి, నిండా పోస్తే ఇక దయచేయండి అన్నట్టు. అందుకని పోస్తూనే ఉండాలి. చుట్టాలు తన కడుపు వంక చూసి "ఇంకా విశేషం లేదా?" అంటే నవ్వాలి. రోజంతా ఎవరికీ ఎదురు చెప్పని ఆ నోటికి దవడలు నొప్పి పుట్టేవి. స్టాపులు అరిచిన నోరు ఇదేనా అని తలుచుకుంటే దుఃఖం ముంచుకొచ్చేది.

ముందుగదిలో పెట్టె మీద, నేల నుంచి దాదాపు పైకప్పు దాకా, పెళ్లి బొంతల దొంతర ఉంది. ఓ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే మారల్ నాలుగు బొంతలు దించి, వాటి మధ్య దూరి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, కొత్త కాపురం మీద కట్టిన పాట అందుకుంది. లోపల అరిచినా బయటికి గుసగుసలాగే వినిపిస్తుంది. గాలాడదు, చెమట ధారగా కారుతుంది, ఒంటె ఉన్ని ముక్కులో దూరుతుంది. అయినా అంత హాయి ఆమె ఆ ఇంట్లో ఎరగదు. సాకెన్ మంచు మీద చేపలు పట్టేటప్పుడు వేసుకునే ఉన్ని ముసుగు తొడుక్కుని, చేపల కంపు భరిస్తూ వీడియో తీసింది. ముసుగు కోడలు అని పేరు పెట్టుకుని నెట్‌లో వదిలింది.

పాట ఊరంతా అంటుకుంది. బజార్లో రొట్టెలమ్మేవాళ్ల దగ్గర మొదలై టాక్సీల్లోకి, అక్కడినుంచి పెళ్లి విందుల్లోకి పాకింది. అప్పుడొచ్చింది, మారల్ ముసుగు పేరుతోనే పాట పంపిన నౌరూజ్ వసంత పండగ ర్యాప్ పోటీవాళ్ల ఫోను.

"చివరి పోటీకి మిమ్మల్ని తీసుకున్నామమ్మా. కాకపోతే ముసుగు తీసి, అసలు పేరు చెప్పి పాడాలి. ముసుగులో ఎవరొచ్చి పాడినా మాకెలా తెలుస్తుంది?"

ముసుగు తియ్యడమంటే కాపురాన్ని నట్టింట పందెంలో పెట్టడమే. తియ్యకపోతే బతుకంతా బొంతల్లోనే. మారల్ ఏదీ తేల్చుకోలేక సాకెన్‌కి చెప్పింది. అతను "నీ ఇష్టం," అని ధైర్యంగా అనేసి, ఆ పూటే డ్యూటీకి వెళ్లిపోయాడు.

అసలు పొరపాటు ఇంకొకటుంది. ఊళ్లోవాళ్ల నోటి దురుసంతా ఒక్క పాటలో పెట్టిన ఆ మొనగత్తెకి, బొంతల లోపల చీకట్లో కూడా ఆడపడుచు అసలు పేరు అనడానికి నోరు రాలేదు. అలవాటు ప్రకారం తెల్లవేలు అనేసింది. ఊరందరికీ అదో కొత్త తిట్టు. ఈ ఇంట్లోవాళ్లకి మాత్రం అది తమ ఇంటికి దారి చూపించే చిరునామా పలక.

మంగళవారం మధ్యాహ్నం తెల్లవేలు వదిన వచ్చింది. శనివారం మనిషి మంగళవారం వచ్చేసరికి మారల్ మర్చిపోయి గిన్నె నిండా టీ పోసేసింది. ఆవిడ టీవీ వంక కూడా చూడలేదు. సమోవర్ మామయ్యా, అత్తగారూ కూర్చున్న బల్ల మీద ఫోను పెట్టి పాట వినిపించింది.

*శనివారం వచ్చింది, చెప్పులు విడిచింది,*
*టీవీ మీద వేలు పెట్టి నా పరువు తీసింది!*
*తెల్లవేలా, తెల్లవేలా, చాలించు నీ దుమ్ము,*
*మీ మంచం కింద తొంగిచూసే ఉన్నదా నీకు దమ్ము?*

"మా కొట్టుకొచ్చే ఆడవాళ్లంతా గుడ్డ బేరం మానేసి నాకు వేలు చూపిస్తున్నారు! నువ్వు పెట్టిన పేరు ఎవర్తె చెవిన వేశావు?" అంది వదిన.

దాచి లాభం లేదు. "నేనే వదినా," అంది మారల్.

"నువ్వా! తలెత్తి మాట్లాడవు, నువ్వా ఇన్ని మాటలన్నది?"

"ఆగవే, తరవాత నేనున్నాను," అని సమోవర్ మామయ్య ఫోను లాక్కున్నారు.

*ఒక్క గుక్క చాలంటాడు, ఒరిగి కూర్చుంటాడు,*
*సమోవర్ చల్లారాక సంగతి మొదలెడతాడు!*

"అచ్చం నేనే! ఊరంతా వింటున్నారా దీన్ని? అమ్మాయ్, ఇంకో గిన్నె పొయ్యి," అన్నారాయన, పెళ్లికొడుకులా వెలిగిపోతూ.

"బాబాయ్, సిగ్గులేదూ! అమ్మా, తేల్చి చెప్పు. ఇది పాటలు మానాలి, లేదా నేనీ గడప తొక్కను," అంది వదిన.

అత్తగారు ఫోను తన ముందుకు జరుపుకుంది. "మళ్లీ పెట్టు," అంది. విన్నది. "ఇంకోసారి," అంది. మళ్లీ విన్నది. ఇవాళే పుట్టింటికి మూట కట్టాలి కాబోలు అనుకుంది మారల్.

"ఇందులో నేనెక్కడ?" అంది అత్తగారు.

"ఏంటమ్మా?" అంది వదిన.

"నువ్వున్నావు, మీ బాబాయున్నాడు, వీధిలో మూడుకాళ్ల కుక్క కూడా ఉంది. నా ఊసేదీ? ఈ ఇంటి పాటలో అత్త లేదంటే ఊరివాళ్లేమనుకుంటారు? నేనున్నానా, పోయానా?"

అత్తగారు లేచి కోడల్ని వంటింట్లోకి లాక్కెళ్లి తలుపేసింది.

"మధ్యాహ్నాలు బొంతల్లో దూరి నువ్వు చేస్తున్నది ఇదా?"

"తప్పే అత్తయ్యా."

"ఏడుస్తున్నావనుకున్నానే. ఏడవనీలే అని నేనటు వచ్చేదాన్ని కాదు. కొత్తలో నేనూ ఆ బొంతల్లోనే ఏడ్చేదాన్ని." ఆవిడ పిండి గిన్నె ముందుకు లాక్కుని, అవసరం లేకపోయినా పిసకడం మొదలుపెట్టింది. "పోటీలో పాడు. కాకపోతే నన్ను పెట్టాలి. అదీ పేరు పెట్టి."

"పేరంటే... ఏదైనా ముద్దుపేరా?"

"నీ ముద్దుపేర్లు నీ దగ్గరే ఉంచుకో. నా పేరు. ఇంట్లోవాళ్లు అమ్మ అంటారు, మరిది వదినంటాడు, మనవలు అవ్వంటారు, ఆస్పత్రిలో చీటీ మీద నంబరు పిలుస్తారు. ఆ పేరు పెట్టి పిలిచే అక్కలు పోయారు, మీ మామగారూ పోయారు. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే విసుగొచ్చి, 'ఈసారైనా కొడుకు పుట్టాలి' అనే అర్థంతో మా నాన్న నాకా పేరు పెట్టాడు. నా తరవాతా ఆడపిల్లే పుట్టింది, అది వేరే సంగతి. ఎంత దిక్కుమాలిన పేరైనా నాదే కదా. ఎవరైనా గట్టిగా పిలిస్తే వినాలనుంది."

"నా వల్ల కాదు అత్తయ్యా. నాలుక తిరగదు."

"ఊరందర్నీ ఏకిపారేసిన నాలుక నా దగ్గరే తిరగదా? అయితే పోటీ లేదు, పాట లేదు. వెళ్లు, టీ చల్లారుతోంది."

పండగ దాకా మారల్ సాధన చేసింది. బొంతల్లో అనబోయింది, కోళ్లగూట్లో తలపెట్టి అనబోయింది, బావి మీద వంగి అనబోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప పేరు వచ్చేది కాదు. సాకెన్‌ని చెవి అప్పివ్వమంటే, ఆ పేరు వినబోతున్నానన్న భయానికి అతను రెండు చెవులూ మూసుకున్నాడు.

పోటీ రోజున చుట్టాలంతా ముందువరసలో దిగారు. సమోవర్ మామయ్య తన చరణం వచ్చినప్పుడు లేచి నిలబడటానికి వీలుగా చివరి కుర్చీ పట్టారు. తెల్లవేలు వదిన గడప తొక్కనన్నది ఇంటి గడప కదా, హాలు గడప కాదు కదా అని తనూ వచ్చి, చేతులు శాలువాలో దాచుకుని కూర్చుంది. అత్తగారు మధ్యలో, పెళ్లిళ్లకి తీసే తెల్ల తలగుడ్డ కట్టుకుని ఉంది.

మారల్ ముసుగు తీసి తన పేరు చెప్పింది. తాళం మొదలవగానే మినీ బస్సు ముందు సీట్లో కూర్చున్నట్టయింది, మాటలు వాటంతటవే దూకాయి. "తెల్లవేలా!" అనగానే హాలంతా చూపుడువేళ్లు పైకెత్తింది. వదిన అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించడం లేదనుకుని, శాలువాలోంచి తన వేలు కూడా కాస్త బయటపెట్టింది. మామయ్య లేచి నాలుగు దిక్కులా సలాములు చేస్తే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

అప్పుడు కొత్త చరణం అందుకుంది.

*గరిట అత్తది, గడప అత్తది, గదమాయింపు అత్తది,*
*పిండి పిసికే చెయ్యి నాది, పేరు మాత్రం అత్తది!*
*ఏదీ ఆ పేరు? ఎవరికెరుక? ఎవరన్నారు నోట?*
*ఇంటిల్లిపాదీ దాచిన పేరు అనేస్తా ఈ పూట...*

అనలేదు. తాళం మోగుతూనే ఉంది, మారల్ నోరు తెరిచి నిలబడింది. జనం ఇదీ పాటలో భాగమేనేమో అనుకుని కాసేపు చప్పట్లు కొట్టి, తరవాత మానేశారు. ఆ మౌనానికి న్యాయనిర్ణేతలు మార్కులు కోసి మొదటి బహుమతి ఇంకెవరికో ఇచ్చారని తరవాత తెలిసింది. మారల్‌కి ఆ క్షణంలో బహుమతి గుర్తులేదు. ముందువరసలో అత్తగారు ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, బడిలో హాజరు పిలుస్తుంటే తన వంతు కోసం చూసే పిల్లలా కూర్చుని ఉంది. ఆ ముఖం చూశాక మారల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఈ మనిషి దగ్గర భయమెందుకు అనిపించింది.

కళ్లు గట్టిగా మూసుకుని, కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ దాచుకున్న గొంతంతా పెట్టి అరిచింది:

"ఉల్బోల్సిన్!"

హాలు మొత్తం తిరిగి చూసేలా కుర్చీ కిర్రుమంది. అత్తగారు నిటారుగా లేచి నిలబడి, చెయ్యెత్తి, అంతకంటే గట్టిగా జవాబిచ్చింది:

"ఉన్నాను!"