రెండో గుడ్డ

"స్టార్ట్ చేయగానే ఏదో ఒకటి విరుగుతుందిరా, నా మనసు కీడు శంకిస్తోంది," అంది తల్లి.

"నీ నోట మంచి మాట ఎప్పుడొచ్చింది గనక," అన్నాడు పెద్దకొడుకు. కారు అతనిది. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో పాడై, పొగ పోయే మానిఫోల్డ్ గొట్టం పగిలితే, రెండూ కొత్తవి బిగించింది మెకానిక్కైన చిన్నకొడుకు. అన్నదమ్ముల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"ఒక్కరోజు పనికి మూడు రోజులు కూర్చున్నాడు," అన్నాడు పెద్దవాడు.

"ఆయిల్ మార్చకుండా టర్బోని చంపినవాళ్ళు కూడా మాట్లాడితే ఎలాగమ్మా," అన్నాడు చిన్నవాడు తల్లి వైపు తిరిగి.

ఆ మాటలు ఆమె చెవికెక్కలేదు. బిగించేటప్పుడు నట్లు లోపల పడకుండా ఇంజిన్ గొట్టాల మూతుల్లో కుక్కడానికి పాత చీర చింపి రెండు ముక్కలు ఇచ్చింది తనే. బల్ల మీద ఒకటే ఉంది. రెండోది లోపలే ఉండిపోతే కొత్త టర్బో కూడా పోయినట్టే.

"రెండో గుడ్డ ఏదిరా?"

చిన్నవాడు షెడ్డు మూలకెళ్ళి పనిముట్లు సర్దసాగాడు. పెద్దవాడు సీట్లో కూర్చుని తాళం పెట్టాడు. తల్లి ఆ చేయి గట్టిగా పట్టుకుంది.

"వాడు చెప్పేదాకా తిప్పకు."

"తప్పు ఒప్పుకుంటే పరువు పోదూ వాడికి?" అన్నాడు పెద్దవాడు.

చివరికి చిన్నవాడు అన్న ముఖం చూడకుండానే స్పానర్ అందుకున్నాడు.

"తిప్పకు. గొట్టంలోనే ఉంది."